ఒంటికఱ్ఱ విల్లా, ముక్కల విల్లా?

ఆడువారి పత్రికలో విల్లంబుల మాట యేల అని ముక్కుమీద వ్రేలు వేసికొనకుడు. పోయిన వేసవిలో మా యింట రెండు నెలలు సాగిన వాదమంతయు ఒక వింటిని గూర్చియే. నిడుపైన విల్లు ఒకే కఱ్ఱగా నున్నది కొనవలెనా, విడదీసి మరల బిగించుకొను ముక్కల విల్లు కొనవలెనా యన్నది ప్రశ్న. విలువిద్య నేర్చు బాలికల తల్లులు మీలో నెవరైన నుండినచో మా యనుభవము వారికి పనికివచ్చునని వ్రాయుచున్నాము.

మా కాపురము అనంతపురపు మెట్టసీమలో ఒక పల్లె. మా వారు అచ్చటి బడిలో ఉపాధ్యాయులు. జిల్లాకు ఏడాది మొత్తమున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; అదియు దయదలచిన యేట. మా అత్తగారి పేర నాలుగెకరముల వేరుసెనగ చేను గలదు. వాన వచ్చిన కాయ, రాకున్న కట్టె.

మా అమ్మాయికి పదుమూడవ యేడు. లేపాక్షి వీరభద్రాలయమునకు తీసికొని పోయినప్పుడు మండపపు కప్పున చిత్రించిన కిరాతార్జునుల కథను మెడ నొచ్చునంతవరకు చూచి, అది మొదలు వింటి పేరే జపించుచుండెను. (లేపాక్షి 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. మా నోటికి మాత్రము అది యింకను అనంతపురపు లేపాక్షియే.) 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణ పతకములు గెలిచిన వార్త వచ్చినది. ఆమె చేతిది చక్రములు గల కాంపౌండు విల్లు, మేము చెప్పబోవు విల్లు వేఱు. ఐనను ఆ వార్తతో మా పిల్లను ఆపు మాట మా యింట నెవ్వరును ఎత్తలేకపోయిరి. ఆదివారము ఆదివారము పట్టణమునకు బస్సులో పోయి నేర్చుకొని వచ్చుచున్నది.

మొదటి విల్లు మేదరివారు చేసి యిచ్చిరి. లోపల బోలు లేని గట్టి వెదురు, అయిదడుగుల పొడవు. దానిని మేమే పాడు చేసితిమి. అల్లెత్రాడు విప్పకుండ రేకుల వసారాలో గోడకు తగిలించితిమి. చైత్రమాసపు వడకు వెదురులోని తేమ యంతయు హరించినది. ఒక సాయంకాలము అమ్మాయి చెవిదాక లాగగనే ఫెళ్ళున రెండైనది. కంటికి అంగుళము దూరములో ఒక పేడు ఎగిరి పోయెను. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. వింటికఱ్ఱలో నూటికి ఎనిమిది పది పాళ్ళైన తేమ నిలిచియుండవలెననియు, అంతకు మిక్కిలి తగ్గిన కఱ్ఱ పెళుసెక్కుననియు మేము పిదప తెలిసికొంటిమి. పని తీరగనే నారి దింపుట, నీడలో నుంచుట, ఎండలో నిలిపిన బండిలో వదలకుండుట ఏ వింటికైనను తప్పని నియమములు.

ఇక రెండవ విల్లు. మా మనసు ఒంటికఱ్ఱ మీదనే. చిన్ననాట మా తండ్రిగారు అమరకోశము వల్లె వేయించునప్పుడు వింటి నడుమునకు లస్తకమని ప్రత్యేకముగ ఒక పేరున్నదని చెప్పిరి. పేరున్నంత మాత్రమున అది ఊడి వచ్చు భాగమా? తాటి, వెదురు, కఱ్ఱ, కొమ్ము అని కౌటిల్యుడు వింటి ద్రవ్యములను పేర్కొన్నాడు గాని మరమేకుల మాట యెత్తలేదు. చేతబట్టిన వారికి ఒంటికఱ్ఱ సుఖము వేఱు. బరువు తక్కువ, చప్పుడు తక్కువ, వదులగుటకు అతుకే లేదు.

మా వారు లెక్కల మాష్టరుగారు కనుక పలక పట్టిరి. వింటిమీద వ్రాసిన పౌన్ల బలము ఇరువదియెనిమిది అంగుళములు లాగినప్పటి లెక్క. మా అమ్మాయి చేయి సాగునది ఇరువదినాలుగే. అంగుళమునకు రమారమి రెండు పౌన్లు తగ్గును గనుక ముప్పది పౌన్ల విల్లు ఆమె చేతిలో ఇరువదిరెండు. రెండేండ్లలో చేయి పొడుగగును, భుజము గట్టిపడును. అప్పుడు ఒంటికఱ్ఱ యైనచో మఱియొక విల్లు కొనవలెను. ముక్కలదైనచో నడిమి పిడి అదే, పైరెక్క క్రిందిరెక్క మాత్రము మార్చినచో చాలును.

“ముక్కల విల్లు తెల్లవారి యెత్తు, మన పద్ధతి కాదు” అని మేము అంటిమి. ఆ మాట నిలువలేదు. మొగలాయిల కాలమున మన దేశమున చేసిన ఉక్కు విండ్లలో కొన్ని పిడి నడుమ మరచుట్టుతో రెండుగా విడిపోవునట. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున బండి ప్రయాణమునకై మడిచెడి విండ్లు చేసిరట. మాష్టరుగారు పుస్తకము తెచ్చి చూపిరి. అంతట మాకే విరాటపర్వము జ్ఞాపకము వచ్చినది. పాండవులు తమ విండ్లను దాచలేక శవము వలె కట్టి జమ్మిచెట్టున వ్రేలాడదీసిరి గదా! గాండీవము ముక్కల విల్లైనచో బృహన్నల చీరల పెట్టెలో అడుగున పెట్టుకొని పోయి యుండును. ఉత్తరునకు చెట్టెక్కు శ్రమ తప్పియుండును. ఈ మాటకు మా వారు నవ్విరి గాని మేము ఓడితిమని ఒప్పుకొనలేదు.

అసలు చిక్కు ధనముది. ఆ సొమ్ము మా అత్తగారు విత్తనపు కాయలకని దాచినది. ముందటి యేడు పంట పోయినది. ఆమె ఒప్పుకొననిదే పైసా కదలదు. ఒక సాయంత్రము మా యిరువురి వాదము అరుగుమీద కూర్చుండి వినుచు, చేటలో కాయలొలుచుచు, ఆమె అడిగినది.

“ఏమమ్మా, మడకకు కఱ్ఱు అరిగితే కఱ్ఱు మారుస్తామా, మడకనే పొయ్యిలో పెడతామా?”

“కఱ్ఱే మారుస్తామత్తా.”

“మరి ఇంకేం తగువు? మళ్ళీ ఇరిగితే ఇరిగిన ముక్కకే డబ్బు పెట్టేది తెండి. విత్తనాలకు నేనెట్లో చూస్తాలే.”

ఆమె ఎట్లు చూచినదో మాకు తరువాత తెలిసినది. తన చెవి కమ్మలు బ్యాంకిలో పెట్టినది. మేము ఏడ్చితిమి. ఆమె కసరినది.

మూడు ముక్కల విల్లు వచ్చినది. నడుమ కొయ్యపిడి, ఇరుప్రక్కల రెక్కలు, రెండు మరమేకులు. బిగించిన అయిదున్నర అడుగులు. విప్పిన సంచిలో అమరును. మొదటి దినమే మేము తెలివి చూపితిమి. క్రిందిరెక్కను పైన బిగించితిమి. రెండు రెక్కలకును వంపు ఒక్కటి కాదు. పిడిని పట్టు తీరునకు తగినట్లు క్రిందిది కొంచెము గట్టిగ నుండును. బాణము వంకరగ ఎగిరి పొరుగువారి గడ్డివామిలో గ్రుచ్చుకొనెను, విల్లు చేతిలో అదరెను. ఆ రాత్రియే మా వారు రెక్కల లోపలివైపున “పై”, “క్రింద” అని రంగుతో వ్రాసిరి. ఇపుడు ప్రతి దినమును బాణము వేయకముందు మరమేకు వ్రేళ్ళతో తడిమి చూచుట మా అమ్మాయి నేర్చినది. పిడి కొంచెము బరువేనని చెప్పును. చేయి అదరక నిలుచుటకు ఆ బరువే మేలని ఆమెకు నేర్పువారందురట.

మొన్న బస్సులో కండక్టరు సంచి తట్టి “ఇందులో ఏముందమ్మా?” అని అడిగెనట. ఒంటికఱ్ఱ విల్లైనచో ఆ కిక్కిరిసిన బస్సులో ఎవరి కంట పొడుచుకొనునో! “సద్దన్నపు డబ్బా, మూడు కట్టెలు” అని మా పిల్ల బదులు చెప్పినదట.

ఒంటికఱ్ఱ ముచ్చట మాకు తీరలేదు. శరత్కాలమున కొట్టిన గట్టి వెదురు ఒకటి మేదరివారిని అడిగి తెప్పించి, పాత చీరలో చుట్టి, వంటయింటికి దూరముగ చీకటి గదిలో అటకపై నుంచితిమి. అది మెల్లగ ఆరుచున్నది. కమ్మలు విడిపించినంతవరకు దానిని ముట్టమని అత్తగారికి మాట యిచ్చితిమి.