మచ్చల చొక్కా మోసం చేసేది ఎవర్ని?

సూరత్ మిల్లుల నుంచి సెలవుకి కొడల వచ్చే మన కుర్రాళ్ళు కొందరు మిలిటరీ మచ్చల చొక్కాలు తెస్తున్నారు. అవి తొడుక్కుంటే అడవిపంది పోల్చలేదట! నాకు నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది.

జింకలకీ పందులకీ ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. అవి మనల్ని కనిపెట్టేది వాసనతో, కదలికతో. గాలి మన వైపు నుంచి వీచిందా, ఏ చొక్కా దాచలేదు. చిలికా పక్షులైతే రంగులు మనకన్నా బాగా చూస్తాయి.

ఆ చొక్కాకి మోసపోయేది మనిషే. మసక వెలుతుర్లో నాటుతుపాకీ పట్టుకున్న సావాసగాడికి పొద కదిలితే పందే అనిపిస్తుంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకీతో జింక వేటకి వెళ్ళేవాళ్ళు మెరిసే నారింజ రంగు తొడగాలి. జింక దాన్ని పోల్చదు, తోటిమనిషి పోలుస్తాడు.

మనకైతే 1972 చట్టం ప్రకారం వేటే నేరం. మన గంజాం జిల్లా భేట్నొయి పొలాల్లో కృష్ణజింకలు జనం మధ్యే మేస్తాయి. అక్కడ జింకకి మనిషి అడ్డం, మనిషికి ఏ మచ్చల చొక్కా అక్కర్లేదు.