పొగగొట్టంలో తేనెపట్టు

శనివారం పొద్దున. డాలస్ శివార్లలో చలి వణికిస్తోంది. అతను గ్యారేజీ తలుపు పైకెత్తి, కారు స్టార్ట్ చేసి, వేడెక్కనిమ్మని వదిలేసి కాఫీ కలుపుకోవడానికి లోపలికొచ్చాడు. వచ్చేటప్పుడు మధ్య తలుపు సరిగా పడలేదు. పది నిమిషాలయ్యిందో లేదో, హాల్లో అలారం కీచుమని మోగింది. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం అది!

గ్యారేజీ గోడకి అవతలే ఏడేళ్ల కూతురి గది. భార్య నిద్రలో ఉన్న పాపని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. తెనాలి నుంచి వచ్చి నెలైనా కాని నాన్న, దుప్పటితోనే బయటికొచ్చారు. అదృష్టం... ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ వాయువుకి రంగుండదు, వాసనుండదు. నిద్రపోతున్నవాళ్లని లేపకుండానే ప్రాణం తీసుకుపోతుంది. కారు ఆపేశాక కూడా అతని చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

నిజానికి ఆ కారంటే అతనికి ప్రాణం. 1993 నాటి మాజ్దా ఆర్ఎక్స్-7. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో గోడకి అంటించుకున్న బొమ్మ అదే. అందులో ఉన్నది రోటరీ ఇంజిన్. మామూలు కార్లలోలా పిస్టన్లు పైకీ కిందకీ ఆడవు. త్రికోణాల్లాంటి రెండు రోటర్లు గిర్రున తిరుగుతాయి. ఇంజిన్ సామర్థ్యం 1308 సీసీయే, దానికి రెండు టర్బోలు తోడు. ఇలాంటి రోటరీ ఇంజిన్‌తోనే మాజ్దా 1991లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ 24 గంటల రేసు గెలిచింది.

అతని చేతికి రాకముందే పాత యజమాని ఆ కారుకి చాలా మార్పులు చేయించాడు. జోరు పెరుగుతుందని కెటలిటిక్ కన్వర్టర్ పీకేసి, దాని స్థానంలో ఉత్త గొట్టం బిగించాడు. కన్వర్టర్‌కి గాలి అందించే పంపునీ తీసేశాడు. అమెరికా చట్టం ప్రకారం అది తప్పే. కానీ టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకి పొగ పరీక్ష లేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి అతనూ పట్టించుకోలేదు. కారు తీసినప్పుడల్లా పాప గౌనుతో ముక్కు మూసుకుంటే నవ్వి ఊరుకునేవాడు.

‘‘వచ్చిన రోజే అనుకున్నారా... నీ బండి పచ్చి పెట్రోలు కక్కుతోందని’’ అన్నారు నాన్న. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి.

‘‘మరి చెప్పలేదేం నాన్నా?’’

‘‘ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నావు. నోరు రాలేదు.’’

ఆ రాత్రే అతను హై-ఫ్లో కన్వర్టర్‌కి ఆర్డరిచ్చాడు. కన్వర్టర్ లోపల తేనెపట్టులా సన్నని గదులుంటాయి. వాటి గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది. దాని మీదుగా పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతాయి. హై-ఫ్లో రకంలో ఈ గదులు కాస్త పెద్దవి. పొగ సులువుగా పోతుంది, ఇంజిన్‌కి ఊపిరాడుతుంది.

పెట్టె రాగానే బిగించేద్దామని అతని తొందర. నాన్న ఒప్పుకోలేదు. ‘‘ముందు బండి రోగం కుదర్చరా. లేకపోతే ఇదీ నాలుగు రోజుల్లో పోతుంది’’ అన్నారు. అది నిజమే. రోటరీ ఇంజిన్ పొగ మామూలు ఇంజిన్ కంటే వేడిగా ఉంటుంది. దానికి తోడు, రోటర్ల అంచుల్లోని సీళ్లు అరగకుండా ఇంజిన్ ఆయిల్‌నీ కొద్దికొద్దిగా కాలుస్తుంది. ఇక పచ్చి పెట్రోలు కూడా వచ్చి కన్వర్టర్లో అంటుకుంటే, లోపలి తేనెపట్టు కరిగి ముద్దయిపోతుంది.

ప్లగ్గులు విప్పి చూశారు. నాలుగింటిలో రెండు నల్లగా మసి పట్టి ఉన్నాయి. ఒక ఇగ్నిషన్ కాయిల్ నీరసించింది. అవి మార్చారు. పెట్రోలు పాలు ఎక్కువైన మిశ్రమాన్ని ట్యూనర్ దగ్గర సరిచేయించారు. పాత గాలి పంపు ఒకటి వెతికి తెచ్చి పెట్టారు. మూడు వారాలు పట్టింది. ఆ తర్వాతే కారుని లిఫ్టెక్కించారు. తుప్పు పట్టిన బోల్టులు ఓ పట్టాన ఊడలేదు. నాన్న టార్చి పట్టుకుంటే అతను కొత్త గ్యాస్కెట్లు వేసి కన్వర్టర్ బిగించాడు. వేడి కారు అడుగుకి తగలకుండా రేకు కూడా మళ్లీ పెట్టాడు.

పరీక్షగా రోడ్డెక్కితే ఇంకో సంగతి తెలిసింది. 10 పీఎస్ఐ దగ్గర ఆగాల్సిన టర్బో ఒత్తిడి, చలి రాత్రుల్లో 13 దాకా ఎగబాకేది. ఉత్త గొట్టంలో అడ్డూ ఆపూ లేకపోవడమే కారణం. ఆ ఒత్తిడికి సీళ్లు విరిగితే ఇంజిన్ పోయినట్టే. ఇప్పుడు ముల్లు 11 దాటలేదు. జోరు కాస్త తగ్గిందని అతనికి తెలుస్తూనే ఉంది.

‘‘కాస్త అడ్డుండాలిరా. బస్సుకైనా అంతే, మనిషికైనా అంతే’’ అన్నారు నాన్న, కిటికీలోంచి చూస్తూ.

కన్వర్టర్ పెట్టాక గ్యారేజీలో స్టార్ట్ చేసుకోవచ్చా? అతను ఆ పని చేయలేదు. దాదాపు 300 డిగ్రీల వేడెక్కితే గానీ అది సరిగా పనిచేయదు. చల్లగా ఉన్నంతసేపూ ఉన్నా లేనట్టే.

అందుకే ఇప్పుడు ప్రతి శనివారం ఓ తంతు. అతను న్యూట్రల్లో పెట్టి స్టీరింగు పట్టుకుంటాడు. నాన్న ఓ పక్క, పాప మరో పక్క. ముగ్గురూ కలిసి కారుని రోడ్డు దాకా తోస్తారు. గ్యారేజీ తలుపు దించాకే అతను తాళం తిప్పుతాడు.

‘‘తాతయ్యా, నేనే తోశా!’’ అంటుంది పాప, చేతులు దులుపుకుంటూ. ఇంజిన్ వేడెక్కేదాకా తాతయ్య చెయ్యి పట్టుకుని దూరంగా నిలబడుతుంది. నాన్న రమ్మని చెయ్యి ఊపగానే పరుగెత్తుకెళ్లి కారెక్కుతుంది. ముక్కు మూసుకోవడం మానేసి చాలా రోజులైంది.