బొజ్జన్నకొండ మీద రాక్షసుడు లేడు

కనుమ నాడు అనకాపల్లి పక్కన శంకరంలో తీర్థం జరుగుతుంది. మా చోడవరం వైపు నుంచీ జనం వెళ్తారు. అక్కడి బొజ్జన్నకొండ మీద పొట్టలా కనిపించే ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసరడం ఏళ్ల తరబడి ఆచారంగా సాగింది. ఆపమని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ వాళ్లు గట్టిగా అడగాల్సి వచ్చింది. తలచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

నిజానికి ఆ కొండ ఒక బౌద్ధారామం. కొండరాయినే స్తూపంగా మలిచి చుట్టూ ఇటుకలు పేర్చారు. రెండంతస్తుల గుహ, గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన ధ్యానంలో బుద్ధుడు. పక్కనున్న లింగాలకొండ మీద బారులు తీరినవి శివలింగాలని చాలామంది అనుకుంటారు. అవి రాతిలో తొలిచిన చిన్న చిన్న స్తూపాలు.

రాళ్లు వేసినవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

ఇంకో మాట కూడా తరచూ వింటాం, పూర్వం మన ప్రాంతమంతా అడవేనని. కానీ 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఈ కొండ దగ్గర తవ్విస్తే గంగాతీరాన్ని ఏలిన గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. సముద్రగుప్తుడి అలహాబాద్ శాసనంలో చెప్పిన దేవరాష్ట్రమనే రాజ్యం మన ఎలమంచిలి ప్రాంతమేనని చాలామంది చరిత్రకారులు అంటారు. ఎక్కడి గంగాతీరం, ఎక్కడి శారదానది! ఆ రోజుల్లోనే రాకపోకలున్నాయి.

ఈసారి తీర్థానికి వెళ్లేవాళ్లు పిల్లలను మెట్లెక్కించి ఆ స్తూపాన్ని చూపించండి. అక్కడ భిక్షువులు ఉండేవారని చెప్పండి.