చినిగిన కాగితాల లెక్క

మా అబ్బా కోఠీ ఫుట్‌పాత్ మీద పాత కితాబులు అమ్మి మమ్మల్ని సాకారు. విమెన్స్ కాలేజీ పిల్లలు, మెడికల్ కాలేజీ పిల్లలు ఆయన గిరాకీలు. కుట్టు ఊడిన కితాబు కనబడితే చాలు, సూదీ దారం తీసి కూర్చునేవారు. పక్కన చాయ్, వేళ్ల మధ్య చార్మినార్ సిగరెట్. నలభై ఏళ్లు ఆ పొగ వదల్లేదు.

పోయిన రంజాన్ తర్వాత దగ్గులో ఖూన్ పడింది. బయాప్సీలో స్క్వామస్ రకం లంగ్ కేన్సర్ అని తేలింది. కీమోకు ముందు రాసిన రక్తపరీక్షల్లో ఒకటి సైఫ్రా 21-1. రిపోర్టు కోఠీ బస్టాపులో నిలబడే చదివాను. 14.2 అని ఉంది. పక్కన 3.3 లోపు ఉండాలని రాసుంది. అదేమిటో తెలియదు గానీ కాళ్లు వణికాయి.

డాక్టర్ సాబ్ అబ్బాను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. శ్వాసనాళాల లోపలి పొర కణాల్లో సైటోకెరాటిన్ 19 అనే ప్రోటీన్ పోగులుంటాయి. కణం ఆకారాన్ని నిలబెట్టేవి అవే. నిండు పోగు కరగదు, కణంలోనే ఉండిపోతుంది. కణం చచ్చేటప్పుడు కాస్పేస్ అనే ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు కరిగి ఖూన్‌లో కలుస్తాయి. కేన్సర్ గడ్డలో కణాలు పుడుతూనే ఉంటాయి, చస్తూనే ఉంటాయి. ఆ ముక్కల్ని రెండు యాంటీబాడీలతో పట్టి లెక్కగట్టేదే ఈ పరీక్ష.

అబ్బా కాసేపు ఆలోచించి అన్నారు: “అంటే మా కితాబుల లెక్కనే సాబ్. కుట్టు తెగితే కాగితాలు గల్లీల ఎగురుతయి. యాడనో కితాబు చినుగుతున్నదని తెలుస్తది. ఏ దుకాణంల చినిగిందో మాత్రం కాగితం చెప్పదు.”

డాక్టర్ సాబ్ నవ్వారు. “సహీ బాత్. కిడ్నీలు కమ్‌జోర్ అయినా, లివర్ జబ్బున్నా ఈ నంబరు పెరుగుతుంది. శాంపిల్‌లో ఉమ్మి తుంపర పడ్డా పెరుగుతుంది. అందుకే దీన్ని చూసి కేన్సర్ అనం. బయాప్సీతో తేల్చుకున్నాక, ఇలాజ్ పనిచేస్తోందా అని స్కాన్‌తో కలిపి చూసుకుంటాం. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి.”

రెండు కీమోలయ్యాక 5.1కి దిగింది. స్కాన్‌లోనూ గడ్డ తగ్గింది. అమ్మీ షుక్రానా నమాజ్ చదివింది.

ఆ ఖుషీలోనే గల్తీ జరిగింది. పన్నెండేళ్లుగా సిగరెట్ తాగుతున్న మా తమ్ముడు ఎవరికీ చెప్పకుండా అదే పరీక్ష చేయించుకున్నాడు. 1.6 వచ్చింది. “దేఖో ఆపా, నాది సాఫ్!” అన్నాడు. నాకూ ప్రాణం కుదుటపడింది. ఆ సాయంత్రమే వాడు మిద్దె మీద సిగరెట్ ముట్టించాడు.

మళ్లీ డాక్టర్ సాబ్‌నే అడిగాను. చిన్న గడ్డ నుంచి రాలే ముక్కలు తక్కువ, మొదటి దశలో చాలామందికి ఈ నంబరు మామూలుగానే ఉంటుందన్నారు. చాలా ఏళ్లు తాగిన పెద్దవాళ్లకు పనికొచ్చేది లో-డోస్ సీటీ స్కాన్ అట. అమెరికాలో 53 వేల మందికి పైగా మీద చేసిన పరిశోధనలో, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఆ స్కాన్ వల్ల లంగ్ కేన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలిందట. “మీ తమ్ముడికి ముప్పై ఏళ్లే. ఏ టెస్టూ వద్దు, సిగరెట్ మానితే చాలు” అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అబ్బా వాణ్ణి తిట్టలేదు. దగ్గరికి పిలిచి, “కాగితాలు గల్లీలకు రాలేదంటే కితాబు సలామత్‌గ ఉన్నట్టు కాదు బేటా. నా కుట్టు నేనే తెంపుకున్న. నువ్వు తెంపుకోకు” అన్నారు.

తమ్ముడు జేబులోంచి డబ్బీ తీసి అబ్బా ముందు పెట్టాడు. తర్వాత రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆపాడు. ఇవాళ్టికి నలభై రోజులు. అబ్బాకు వచ్చే జుమా తర్వాత మళ్లీ పరీక్ష ఉంది. రిపోర్టు తేవడానికి కోఠీకి ఈసారి వాడే పోతానన్నాడు.

దువా చేయండి.