ప్రేగుకు తోడు

పాలలో చెంచాడు పెరుగు కలిపి తోడుపెట్టడం మన ఇళ్ళలో నిత్యకృత్యం. తెల్లవారేసరికి పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవులలో లాక్టోకాకస్ లాక్టిస్ ఒకటి. ఈ వంటయింటి పనివానికి వైద్యం నేర్పారని మొదట చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు.

ఆ విషయం చదవడానికి కారణం మా మేనల్లుడు. ఇంటర్మీడియట్ చదువుతుండగా వాడికి పెద్దప్రేగు శోథ వచ్చింది. శోథ స్వతహాగా చెడ్డది కాదు. గాయమైన చోట ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పిపెట్టడం శరీరం చేసుకొనే ఆత్మరక్షణే. ఈ వ్యాధిలో మాత్రం కంచే చేను మేస్తుంది. ప్రేగులో పుండ్లు పడి రక్తం పోతుంది. స్టెరాయిడ్లతో వ్యాధి అణగింది గాని వాడి ముఖం ఉబ్బిపోయింది. పరీక్ష మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళవలసి వచ్చిందని మా అక్కయ్య చెబితేనే నాకు తెలిసింది. "మందు పుండున్న చోటికే పోయేట్టు చెయ్యలేరా, మామయ్యా?" అని వాడు ఒకనాడు అడిగాడు.

అంతకు చాలా ముందే, 2000లో, బెల్జియంలోని ఘెంట్ నగరంలో లోథార్ స్టైడ్లర్ బృందం ఆ పనికి పూనుకొన్నది. శోథను శాంతింపజేసే ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీను మన దేహంలోనే ఉంది. సూదిమందుగా ఇస్తే అది ఒళ్ళంతా వ్యాపిస్తుంది, మింగితే అరిగిపోతుంది. కనుక వారు దాని జన్యువును లాక్టోకాకస్‌లో చేర్చి, ఆ జీవిని ఎలుకల కడుపులోకి పంపారు. మందు ప్రేగులోనే తయారైంది. రసాయనంతో శోథ కలిగించిన ఎలుకలలో వ్యాధి సగానికి తగ్గింది.

నన్ను మరింతగా ఆకర్షించినది తరువాతి ఘట్టం. మనిషి జన్యువును మోసే సూక్ష్మజీవి మలంతోపాటు మట్టిలోకి, నీటిలోకి పోతే? 2003లో ఆ బృందమే దీనికి ఉపాయం చూపింది. డి.ఎన్.ఎ. నిర్మాణానికి బాక్టీరియాకు థైమిడిన్ కావాలి. దాని తయారీకి అవసరమైన జన్యువును తొలగించి, సరిగ్గా ఆ స్థానంలోనే మందు జన్యువును పొదిగారు. థైమిడిన్ దొరకనిచోట ఆ జీవి చచ్చిపోతుంది. ఎక్కడినుండైనా పాత జన్యువును తిరిగి తన స్థానంలో చేర్చుకొన్నదా, మందు జన్యువు ఊడిపోతుంది! ఇంతటి ముందుచూపు మందు తయారీకన్నా గొప్పదని నా అభిప్రాయం.

2006లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 10 మంది క్రోన్స్ వ్యాధిగ్రస్తులకు 7 రోజులు ఈ జీవిని ఇచ్చిన ఫలితాలు వెలువడ్డాయి. 8 మందికి మేలు కనిపించింది. అయితే ఉత్తుత్తి మందుతో పోల్చి చూడలేదు. తరువాత పెద్దప్రేగు శోథ రోగులలో అలా పోల్చి చూస్తే, హాని లేదు గాని చెప్పుకోదగిన తేడా కూడా కనిపించలేదు.

ప్రయత్నాలు ఆగలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917లో, తోటివారికి ప్రేగువ్యాధి సోకినా తాను ఆరోగ్యంగా నిలిచిన ఒక సైనికుని నుండి ఆల్‌ఫ్రెడ్ నిస్లె అనే జర్మన్ వైద్యుడు ఒక మేలుచేసే ఇ. కోలై బాక్టీరియాను వేరుచేశాడు. అమెరికా పరిశోధకులు దానిచేత శోథను అడ్డుకొనే చిన్న ప్రతిరక్షక ఖండాలను స్రవింపజేసి, ఎలుకలలో ప్రేగుశోథను నివారించినట్లు 2023లో ప్రకటించారు. ఆ సంగతి మేనల్లుడికి వ్రాశాను.

"మళ్ళీ ఎలుకలేనా, మామయ్యా?" అని జవాబు వచ్చింది.