ఆర్మూర్ ఎండల్లో నూలు లంగా

పండుగపూట పట్టుకే పరిమితమనుకునే లంగా, అంటే నడుము దగ్గర నాడాతో బిగించి మడమల దాకా కుచ్చిళ్లు జారే, కోస్తాలో పరికిణీ అని పిలిచే దుస్తు, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆర్మూర్ ఎండకు జీన్సు కంటే ఎంతో నయం. పలుచని నూలు చెమటను పీల్చుకోగా, కుచ్చిళ్ల మధ్య గాలి ఆడుతుంది. ఓణీకి బదులు పొట్టి చేతుల కుర్తీ వేస్తే బజారుకైనా కాలేజీకైనా సరిపోతుంది. పోచంపల్లి ఇక్కత్, అనగా నేతకు ముందే పోగులను కట్లు కట్టి రంగులద్ది నేసిన బట్ట, లంగాకు ఎంచుకుంటే పైది ఒకే రంగులో ఉండాలి. రెండింటిపైనా డిజైన్లుంటే చూపు నిలవదు. పసుపు కొమ్ములు ఉడికించి ఆరబెట్టే ఈ ప్రాంతంలో తెల్ల లంగా సాహసమే, అయితే పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం సబ్బులోని క్షారం తగిలి ఎర్రబడినా, ఉతికి ఎండలో ఆరేస్తే ఆ మరక క్రమంగా వెలిసిపోతుంది.