మాటకు హద్దెక్కడ?

అమ్మమ్మ చెప్పిన కథలన్నీ యూనికోడులోకి ఎక్కించాక, వాటిలో ఎన్ని మాటలున్నాయో లెక్కించే పని కంప్యూటరుకు అప్పగించాను. పైథాన్‌లో పదాన్ని పట్టే మామూలు సూత్రం గుణింతపు గుర్తులను అక్షరాలుగా ఒప్పుకోదు. "తెలుగు"ను త, ల, గ అని మూడు ముక్కలు చేసి చేతిలో పెట్టింది! ఎత్వమూ రెండు కొమ్ములూ ఏ గాలికి పోయినట్టు?

చుక్కతో ఇంకో తంటా. ముందుమాటలో నేను రాసుకొన్న "క్రీ.శ." దానికి రెండు వాక్యాలు. ఇటువంటి పొడి అక్షరాల పట్టిక ఒకటి ఇస్తే ఆ గొడవ తీరింది.

తీరనిది సంధి. థాయ్ రాతలో మాటల నడుమ ఖాళీయే ఉండదు. అక్కడ సాఫ్ట్‌వేరు నిఘంటువును పట్టుకొని విడదీస్తుంది. మనకు ఖాళీలున్నాయి గదా అన్న ధీమా వద్దు. "వాడెక్కడున్నాడో" అంటుంది అమ్మమ్మ. ఒక మాటా, మూడా? అందులో "ఎ" కాస్తా డకారం నెత్తినెక్కి కూర్చుంది కనుక, "ఎక్కడ" అని వెతికేవారికి ఆ కథ చిక్కదు. విడదీసి "వాడు ఎక్కడ ఉన్నాడో" అని రాస్తే చిక్కుతుంది, కానీ అందులో అమ్మమ్మ గొంతు వినబడదు.

అందుకే ఇప్పుడు రెండు ప్రతులు ఉంచుతున్నాను. విడదీసినది యంత్రానికి. కలిసి ఉన్నది మా పిల్లలకు.